బైక్ లెదర్ జాకెట్ ఎంచుకోవడం: లేబుల్, తోలు, కుట్టు, సైజు

"లెదర్ జాకెట్ కొనాలి, ఏం చూసి కొనాలి?" అని అడిగిన ప్రతివారికీ విడివిడిగా చెబుతూ వచ్చిన విషయాలన్నీ ఇక్కడ ఒక వరుసలో పెడుతున్నాను. వరుస మార్చకండి. రంగు, మోడల్ ముందు చూసుకుంటే, మనసు పడిపోయాక మిగతా లోపాలు కంటికి ఆనవు.

నేను కొన్న మొదటి జాకెట్ తోలు వెన్నలా మెత్తగా ఉండేది. ఒక మలుపులో ఇసుక మీద బండి జారి, తక్కువ వేగంలోనే కింద పడ్డాను. తోలు చిరగలేదు, కుట్టు ఊడలేదు. కానీ స్లీవ్ వదులుగా ఉండటంతో మోచేతి ప్యాడ్ పక్కకు తిరిగిపోయి, దెబ్బంతా నేరుగా ఎముకకు తగిలింది. జాకెట్ మాత్రం కొత్తదానిలా ఉంది. అప్పటి నుంచి ఏ జాకెట్ పట్టుకున్నా ఒక్కటే అడుగుతాను: మనిషి రోడ్డు మీద పడి జారుతున్నప్పుడు ఇందులో ప్రతి భాగం దాని చోటులో అది ఉంటుందా?

## 1. షాపుకు వెళ్లే ముందు

టేపు తీసుకుని నాలుగు కొలతలు రాసి పెట్టుకోండి. ఇంకొకరి చేత కొలిపించుకుంటే మేలు.

- ఛాతీ: చంకల కింద నుంచి చుట్టూ. ఊపిరి బిగబట్టకండి.
- నడుము: బొడ్డు మీదుగా.
- స్లీవ్: మెడ వెనక ఉబ్బుగా తగిలే ఎముక నుంచి భుజం మీదుగా మణికట్టు ఎముక దాకా. మోచెయ్యి కొంచెం వంచి కొలవాలి.
- వీపు పొడవు: అదే మెడ ఎముక నుంచి ప్యాంటు బెల్టు దాకా.

మీ బండి మీద ఎలా కూర్చుంటారో కూడా గుర్తు పెట్టుకోండి. ముందుకు బాగా వంగి నడిపే బండికి వీపు పొడవుగా, స్లీవులు వంపు తిరిగి ఉన్న జాకెట్ కావాలి. నిటారుగా కూర్చునే బండి మీద అదే జాకెట్ మెడ దగ్గర నొక్కుతుంది, పొట్ట దగ్గర ముడతలు పడుతుంది.

వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాల్సినవి:

- రోజూ లోపల వేసుకునే చొక్కా లేదా టీషర్టు (అది వేసుకునే వెళ్లండి)
- రైడింగ్ గ్లౌజులు, హెల్మెట్
- రైడింగ్ ప్యాంటు ఉంటే అది కూడా
- చిన్న స్కేలు, టార్చి ఉన్న ఫోను

## 2. ముందు లోపలి లేబుల్ చదవండి

ఇది ఒక్క నిమిషం పని. సగం జాకెట్లు ఇక్కడే పక్కకు పోతాయి.

మోటార్‌సైకిల్ దుస్తులకు ఇప్పుడు ఎక్కువగా కనిపించే ప్రమాణం ఈఎన్ 17092. ఇది యూరప్‌ది, 2020లో వచ్చింది. లోపల కుట్టిన లేబుల్ మీద మోటార్‌సైకిల్ నడిపే మనిషి బొమ్మ, ఈ నంబరు, తరగతి ఉంటాయి. నంబరు పక్కన ఉండే అంకె కూడా తరగతినే చెబుతుంది:

- 17092-2: ఏఏఏ తరగతి. రాపిడికి అన్నిటికన్నా ఎక్కువ తట్టుకునేది.
- 17092-3: ఏఏ తరగతి. రోజువారీ ప్రయాణాలకు, దూర ప్రయాణాలకు సరిపోతుంది.
- 17092-4: ఏ తరగతి. ప్యాడ్లు తప్పనిసరి, కానీ రాపిడిని తట్టుకోవడం తక్కువ.
- 17092-5: బీ తరగతి. రాపిడి పరీక్ష ఏ తరగతిదే, కానీ ప్యాడ్లు ఉండక్కర్లేదు.
- 17092-6: సీ తరగతి. ప్యాడ్లను పట్టి ఉంచే తొడుగు మాత్రమే. దీన్ని రాపిడి రక్షణగా లెక్కపెట్టకూడదు.

భుజం, మోచెయ్యి లాంటి ఎక్కువ ప్రమాదం ఉన్న చోట్ల బట్టను పరీక్షించే యంత్రం వేగం ఏఏఏకు గంటకు 120 కిలోమీటర్లు, ఏఏకు 70, ఏకు 45. ఇది యంత్రం లెక్క. "ఏఏ ఉంది కాబట్టి 70లో పడినా ఏమీ కాదు" అని దీనికి అర్థం చెప్పుకోకండి. జాకెట్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే ఇది పనికొస్తుంది. లెదర్ జాకెట్‌కు పెట్టే డబ్బుకు ఏఏ కన్నా తక్కువ తరగతి తీసుకోవద్దనే నేను చెబుతాను.

ఇక్కడే చాలామంది మోసపోతారు. జాకెట్‌కు వేలాడే అట్ట మీద "సీఈ ఆర్మర్" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. సీఈ అంటే యూరప్ ప్రమాణాల గుర్తు, ఆర్మర్ అంటే దెబ్బను ఆపే ప్యాడ్లు. ఆ గుర్తింపు లోపలి ప్యాడ్లది మాత్రమే. జాకెట్ తోలును, కుట్టును ఎవరూ పరీక్షించకపోయినా, మంచి ప్యాడ్లు పెట్టి ఆ అట్ట తగిలించవచ్చు. అందుకే అట్టను వదిలేసి, లోపల కుట్టిన లేబుల్ మీద 17092 కోసం వెతకండి.

## 3. తోలును చేత్తో చదవండి

"జెన్యూన్ లెదర్" అన్న మాట చూసి ఆగిపోకండి. అది తోలే అని చెబుతుంది, ఎలాంటి తోలో చెప్పదు. వెతకాల్సిన మాట ఫుల్ గ్రెయిన్ (పైపొరను ఉన్నదున్నట్టు ఉంచిన తోలు), లేదా కనీసం టాప్ గ్రెయిన్ (పైపొరను కాస్త రుద్ది నునుపు చేసిన తోలు). చర్మం పైపొరలో నారలు దట్టంగా అల్లుకుని ఉంటాయి, బలమంతా అక్కడే. ఆ పొరను చీల్చి తీసేశాక మిగిలే కింది పొరే స్ప్లిట్. దాని మీద ప్లాస్టిక్ పూత వేసి నున్నగా చేసి అమ్ముతారు. తోలు పొడిని జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ బండికి అసలు పనికిరాదు.

ఏ జంతువు తోలు అన్నది తర్వాతి ప్రశ్న.

ఆవు తోలు ఎక్కువ మందికి సరైనది. రాపిడికి బాగా తట్టుకుంటుంది, కాస్త బరువు. మేక తోలు దానికన్నా పలచగా, తేలిగ్గా ఉండి కూడా గట్టిది. కంగారూ తోలు మందానికి తగ్గ బలంలో అన్నిటికన్నా ముందుంటుంది, అందుకే రేసింగ్ సూట్లలో వాడతారు. గేదె తోలు మందంగా, ముతక గీతలతో ఉంటుంది, మెత్తబడటానికి టైమ్ పడుతుంది. గొర్రె తోలు చేతికి హాయిగా తగులుతుంది, కానీ తేలిగ్గా చిరుగుతుంది. అది ఫ్యాషన్ జాకెట్లకు బాగుంటుంది, బండి మీదకు వద్దు.

ఆవు తోలైతే మందం 1.1 నుంచి 1.3 మి.మీ. ఉండాలి. ఫ్యాషన్ జాకెట్లు తరచుగా 1 మి.మీ. లోపే ఉంటాయి. పక్కపక్కన పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది: బండి జాకెట్ చేతికి బరువుగా వేలాడుతుంది, నేల మీద పెడితే ఒక్కసారిగా కుప్పకూలదు.

ఇప్పుడు ఒక పరీక్ష. వీపు భాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, నున్నటి పైభాగం లోపలికి వచ్చేలా మెల్లగా వంచండి. లోపలి వంపులో వెంట్రుకల్లా సన్నని ముడతలు పడితే పైపొర గట్టిగా అంటుకుని ఉన్నట్టు. లావు మడతలు లేచి, పైపొర కింది పొర నుంచి విడివిడిగా కదిలినట్టు అనిపిస్తే అది వదులు తోలు. సాధారణంగా జంతువు పొట్ట భాగం నుంచి వస్తుంది, సాగిపోతుంది. చంక కింద అలాంటి ముక్క ఉన్నా సర్దుకోవచ్చు. వీపు, భుజం, మోచేతి బయటి వైపు మాత్రం ఉండకూడదు. ఇవే మూడు చోట్లా వంచి చూడండి. ఒక్క చోట చూసి వదిలేస్తే పరీక్ష చేయనట్టే.

వాసన నమ్మకండి, తోలు వాసన స్ప్రే చేసి కూడా అమ్ముతారు. నిప్పు అంటించి చూడటం, నీటి చుక్క వేసి చూడటం లాంటివీ వద్దు. మంచి పూత వేసిన అసలైన తోలు మీద కూడా నీళ్లు పూసలా నిలుస్తాయి.

## 4. కుట్లకు ఎక్కువ సమయం ఇవ్వండి

నా లెక్కలో మందం కన్నా కుట్టు ముఖ్యం. రోడ్డు మీద జారేటప్పుడు తోలు అరగకముందే కుట్టు విచ్చుకుంటే, తోలు ఎంత మంచిదైనా లాభం లేదు.

మంచి జాకెట్‌లో ముఖ్యమైన అతుకుల దగ్గర కనీసం రెండు వరసల కుట్టు ఉంటుంది, అందులో ఒకటి లోపల దాగి ఉంటుంది. పై దారం రోడ్డుకు రాసుకుని తెగినా, లోపలిది అతుకును పట్టి ఉంచుతుంది. బయట కనిపించే రెండు వరసలూ ఒకే పొర మీద అందం కోసం వేసినవైతే లెక్కలోకి రావు.

దాగిన కుట్టును చూడటానికి దారి ఉంది. చాలా జాకెట్లలో లైనింగ్ అడుగున, లేదా వీపు ప్యాడ్ పెట్టే జేబు దగ్గర చిన్న జిప్ ఉంటుంది. అది తెరిచి లోపలికి చెయ్యి పోనిచ్చి, తోలు వెనక వైపును బయటకు లాగి టార్చి వెలుగులో చూడండి. రెండు తోలు ముక్కలు కలిసిన చోట అంచు కనీసం ఒక సెంటీమీటరు మిగిలి ఉందా? అంచు మరీ కొసకు కుట్టి ఉంటే, లాగినప్పుడు దారం తోలును కోసుకుంటూ బయటకు వచ్చేస్తుంది.

తర్వాత స్కేలు పెట్టి కుట్లు లెక్కపెట్టండి. ఒక్కో కుట్టు సుమారు 2.5 నుంచి 3.5 మి.మీ. ఉంటే బాగుంటుంది, అంటే అంగుళానికి 7 నుంచి 10. దగ్గర దగ్గరగా ఉంటే ఇంకా గట్టిది అనుకుంటారు చాలామంది. తోలు విషయంలో అది తప్పు. సూది పొడిచిన ప్రతిచోటా ఒక శాశ్వతమైన రంధ్రం మిగులుతుంది. అవి మరీ దగ్గరైతే తపాలా బిళ్ల అంచులాగా ఆ గీత వెంబడే చిరుగుతుంది.

దారం నైలాన్ లేదా పాలియెస్టర్‌ది అయి ఉండాలి. కాటన్ దారం చెమటకు కుళ్లిపోతుంది. అమ్మేవాళ్లను అడగండి. తెలియదంటే తెగిన కొస ఒకటి వెతికి చూడండి: కాటన్ కొస దూదిలా పోగులు లేస్తుంది, బాండెడ్ నైలాన్ (పోగులు విడిపోకుండా అతికించిన దారం) కొస గట్టిగా, నున్నగా ఉంటుంది.

కుట్టు చెక్‌లిస్ట్:

- అతుకుకు రెండు పక్కలా పట్టుకుని గట్టిగా లాగినప్పుడు మధ్యలో సందు కనిపించకూడదు, రంధ్రాలు సాగకూడదు.
- మోచెయ్యి, భుజం బయటి వైపున తోలు రెండు పొరలుగా ఉండాలి.
- అదే చోట అతుకులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. చిన్న చిన్న ముక్కలతో రంగురంగుల డిజైన్లు కుట్టిన జాకెట్‌లో ప్రతి అతుకూ ఒక బలహీనమైన గీతే.
- సాగే బట్ట ముక్కలు చంక కింద, మోచేతి లోపలి వైపే ఉండాలి. నేలకు తగిలే వైపు ఉండకూడదు.

## 5. ప్యాడ్లు తీసి, తిప్పి చూడండి

భుజం, మోచేతి ప్యాడ్ల మీద ఈఎన్ 1621-1, వీపు ప్యాడ్ మీద ఈఎన్ 1621-2 అని అచ్చు ఉండాలి. పక్కనే 1 లేదా 2 అనే లెవెల్ ఉంటుంది. పరీక్షలో దెబ్బ కొట్టినప్పుడు అవతలి వైపుకు చేరే బలం, సగటున, ఇంతకు మించకూడదు (బలాన్ని కిలోన్యూటన్లలో కొలుస్తారు, అంకె ఎంత తక్కువైతే ప్యాడ్ అంత మంచిది):

- భుజం, మోచెయ్యి: లెవెల్ 1కి 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2కి 20.
- వీపు: లెవెల్ 1కి 18 కిలోన్యూటన్లు, లెవెల్ 2కి 9.

వీపు దగ్గర జాగ్రత్త. ఏఏఏ తరగతిలో కూడా వీపు ప్యాడ్ తప్పనిసరి కాదు. అందుకే చాలా జాకెట్లలో ఆ జేబులో ఏ అచ్చూ లేని పలచని ఫోమ్ ముక్క ఉంటుంది, అది ఖాళీ నింపడానికే. దాన్ని తీసేసి అసలైన వీపు ప్యాడ్ కొనుక్కోండి. కొనేముందు జేబు కొలత తీసుకోండి, మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు.

ఎండలో ప్యాడ్ మెత్తబడిపోతుందేమో అన్న అనుమానం ఉంటే, దాని మీద టీ ప్లస్ గుర్తు ఉందేమో చూడండి. 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షించారని దాని అర్థం. చలికి, అంటే మైనస్ 10 డిగ్రీలకు, టీ మైనస్.

## 6. జిప్పులు

ముందు జిప్ వెనక తోలు పట్టీ ఉండాలి. అది గాలిని ఆపుతుంది, పడినప్పుడు వేడెక్కిన జిప్ ఒంటికి తగలకుండా చూస్తుంది. మణికట్టు దగ్గర జిప్‌తో పాటు బటన్ లేదా పట్టీ కూడా ఉంటే స్లీవ్ పైకి జారదు. ప్రతి జిప్‌నూ పదిసార్లు వేసి తీయండి, గ్లౌజులు వేసుకుని కూడా.

నడుము దగ్గర ప్యాంటుకు కలిపే జిప్ ఉందా అని తప్పకుండా చూడండి. జారేటప్పుడు జాకెట్ పైకి లేచి వీపు బయటపడకుండా కాపాడేది అదే. నడుము చుట్టూ పూర్తిగా తిరిగేదైతే మేలు. వేరే కంపెనీ ప్యాంటుకు సాధారణంగా సరిపోదు, కాబట్టి షాపులోనే కలిపి చూడండి.

## 7. సైజు: బండి మీద కూర్చుని తేల్చుకోండి

ఈ పని అద్దం ముందు చేయకండి. బండి మీద, కుదరకపోతే కుర్చీలో కూర్చుని, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపండి. బండి జాకెట్లను ఆ భంగిమకే కుడతారు. నిలబడినప్పుడు స్లీవులు పొడవుగా, ముందు భాగం పొట్టిగా, వీపు కొంచెం వింతగా అనిపిస్తే కంగారు పడకండి, అవి మామూలే.

వరుసగా ఇవి చేయండి.

మొదటిది. జిప్ పైదాకా వేయండి. కాలర్‌లోకి రెండు వేళ్లు దూరాలి. లోతుగా ఊపిరి తీసుకోండి, ఛాతీ దగ్గర అంటుకుని ఉండొచ్చు గానీ ఆయాసం రాకూడదు.

రెండోది. చేతులు ముందుకు చాపినప్పుడు స్లీవ్ మణికట్టు ఎముకను దాటి రావాలి. గ్లౌజు వేస్తే చర్మం ఎక్కడా కనిపించకూడదు. ముందుకు వంగినప్పుడు నడుము వెనక భాగం బయటపడకూడదు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. మోచెయ్యి వంచి ఉంచండి. పక్కన ఉన్నవాళ్లను మీ మోచేతి ప్యాడ్‌ను గట్టిగా పట్టుకుని అటూ ఇటూ తిప్పమనండి, తర్వాత స్లీవ్‌ను మణికట్టు వైపు నుంచి పైకి నెట్టమనండి. మొహమాటంతో మెల్లగా చేస్తారు. గట్టిగా చేయమనండి, రోడ్డు మొహమాటపడదు. ప్యాడ్ ఎముక మీద నుంచి పక్కకు పోయినా, స్లీవ్ మోచేతి దాకా పైకి వచ్చేసినా ఆ సైజు మీకు కాదు. నా దెబ్బను తప్పించగలిగిన పరీక్ష ఇదే, చేయడానికి అర నిమిషం చాలు.

నాలుగోది. భుజం ప్యాడ్ భుజం గుండ్రటి ఎముకను టోపీలా కప్పాలి. ప్యాడ్ చేతి మీదుగా కిందికి జారి కండ మీద కూర్చుంటే జాకెట్ పెద్దదైనట్టు.

ఐదోది. హెల్మెట్ పెట్టుకుని తల రెండు వైపులా పూర్తిగా తిప్పండి, పైకెత్తండి. కాలర్ గానీ వీపు ప్యాడ్ పై అంచు గానీ హెల్మెట్‌కు తగలకూడదు.

ఆరోది. అలాగే పదిహేను నిమిషాలు కూర్చోండి. చేతులు తిమ్మిరెక్కినా, చంక కింద కోసినట్టు అనిపించినా వదిలేయండి.

తోలు వాడేకొద్దీ వెడల్పులో సర్దుకుంటుంది, మోచేతి దగ్గర, వీపు దగ్గర మీ ఒంటి ఆకారం తీసుకుంటుంది. పొడవు మాత్రం పెరగదు. కాబట్టి రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే, స్లీవ్, వీపు పొడవు సరిపోయిన చోట కొంచెం బిగుతుదే తీసుకోండి. పొట్టి స్లీవ్‌ను మాత్రం ఏ నమ్మకంతోనూ కొనకండి.

లోపల ఎయిర్‌బ్యాగ్ వెస్ట్ (పడినప్పుడు గాలితో ఉబ్బి ఒంటిని కాపాడే బనియన్ లాంటిది) వేసుకునే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. అది ఉబ్బడానికి ఛాతీ చుట్టూ సుమారు 4 సెం.మీ. ఖాళీ కావాలి. వెస్ట్ వేసుకునే జాకెట్ సైజు చూసుకోండి, వెస్ట్ కంపెనీ చెప్పిన కొలతను దాటకండి.

## 8. ఎండ, వాన

వేడి ఎక్కువ ఉన్నచోట చిన్న రంధ్రాలున్న జాకెట్ హాయి. ఆ రంధ్రాలు ఛాతీ మీద, వీపు మధ్యలో ఉండాలి. భుజం, మోచెయ్యి మీద ఉంటే వద్దు. చలి లైనింగ్ ఊడదీసేదైతే దానితో ఒకసారి, లేకుండా ఒకసారి ఏడో భాగంలోని మూడో పరీక్ష చేయండి. లైనింగ్ తీయగానే స్లీవ్ వదులైపోయే జాకెట్లు ఉన్నాయి. వానకు లెదర్ ఆగదు, పైన వేసుకునే రెయిన్‌కోటు విడిగా ఉండాల్సిందే.

## 9. ఆన్‌లైన్‌లో గానీ, వాడింది గానీ కొంటుంటే

అమ్మేవారిని ఈ నాలుగు ఫోటోలు అడగండి: లోపలి లేబుల్, ప్యాడ్ మీది అచ్చు, మోచేతి అతుకు లోపలి వైపు, స్కేలు పక్కన పెట్టి తీసిన కుట్టు. ఇవ్వనంటే ఆ జాకెట్ వదిలేయండి. వచ్చాక ట్యాగులు తీయకుండా ఇంట్లోనే ఏడో భాగంలోని ఆరు పరీక్షలూ చేయండి.

వాడిన జాకెట్‌లో అదనంగా చూడాల్సినవి:

- మోచేతి మడతల దగ్గర పగుళ్లు. వంచితే పొడిలా రాలితే ఆ తోలు పని అయిపోయింది, ఏ నూనే దాన్ని బతికించలేదు.
- ఒక వైపు భుజం, మోచెయ్యి మీద మాత్రమే కొత్తగా వేసిన రంగు. పడిన ఆనవాలు కప్పి ఉండొచ్చు.
- దారం రంగు ఒకచోట తేడాగా ఉండటం. మళ్లీ కుట్టారని అర్థం.
- ప్యాడ్లు. ఎలా ఉన్నా కొత్తవి వేసుకోండి.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

లోపల స్వెటర్ పడుతుందని ఒక సైజు పెద్దది కొనడం. ఏడాదిలో ఎక్కువ రోజులు వదులు జాకెట్‌తో తిరగాల్సి వస్తుంది. సరైన సైజు కొని, చలికి లోపల పలచని థర్మల్ వేసుకోండి.

ఇప్పటికే వదులుది కొనేశారా? తోలు పని తెలిసిన టైలర్‌తో స్లీవ్ లోపలి వైపు అతుకును బిగించుకోండి. బయటి వైపు అతుకులు విప్పనివ్వకండి. ప్యాడ్ జేబు కూడా దానితో పాటు జరగాలని ముందే చెప్పండి.

మోచేతి ప్యాడ్ కిందికో పైకో ఉంది. కొన్ని జాకెట్లలో ప్యాడ్ జేబులో వెల్క్రో ఉంటుంది, రెండు మూడు సెంటీమీటర్లు జరపవచ్చు. ముందు అది చూడండి.

తడిసిన జాకెట్‌ను ఎండలో, హీటర్ దగ్గర ఆరేయడం. తోలు బిగుసుకుపోయి పగులుతుంది. పొడి బట్టతో అద్ది, వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, నీడలో గాలికి వదిలేయండి. ఆరాక లెదర్ కండిషనర్ పలచగా రాయండి.

ప్లాస్టిక్ కవర్లో కట్టి దాచడం. బూజు పడుతుంది. కాటన్ బట్ట కప్పితే చాలు.

## 11. కొన్నాక మొదటి నెల

మొదటి వారం చిన్న ప్రయాణాలకే వేసుకోండి. బిగుతుగా ఉన్న చోట తోలు సర్దుకోవడానికి అంతకు మించి ఏమీ చేయనక్కర్లేదు. నీళ్లలో నానబెట్టడం, బలంగా సాగదీయడం లాంటి చిట్కాలు కుట్టును పాడుచేస్తాయి. తోలు మీద పడిన పురుగులను, దుమ్మును అదే రోజు తడి బట్టతో తుడవండి. కండిషనర్ ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు, ఎక్కువైతే తోలు మెత్తబడి సాగుతుంది.

నెల తర్వాత మూడో పరీక్ష మళ్లీ చేయండి. తోలు సర్దుకున్నాక ప్యాడ్ ఇంకా ఎముక మీదే ఉందో లేదో అప్పుడు తేలుతుంది. ఎప్పుడైనా పడితే, ఒంటికి ఏమీ కాకపోయినా, ఆ వైపు ప్యాడ్ మార్చేయండి. లైనింగ్ అడుగున ఉన్న జిప్ తెరిచి ఆ వైపు అతుకులను లోపలి నుంచి టార్చి వెలుగులో ఒక్కొక్కటిగా చూసి, ఎక్కడైనా రంధ్రాలు సాగి కనిపిస్తే బండి ఎక్కేముందే మళ్లీ కుట్టించండి.